ఎవరైనా వాడుకోవచ్చు

ఫిల్మ్ నగర్‌లో విహారిని చూడగానే చాయ్ సగంలో వదిలేసి లేచిపోయేవాళ్లు కొందరుండేవారు. మనిషి చెడ్డవాడని కాదు. ఎవరి చేతిలో ఏ ఫోన్ కనబడినా దాని మీద అతనికో అభిప్రాయం ఉండేది, అది అవతలివాడి తలకెక్కేదాకా వదిలేవాడు కాదు. ఐఫోన్ పట్టుకున్నవాడితో "బంగారు పంజరంలో దూరావు, తాళం నీ దగ్గర లేదు" అనేవాడు. విండోస్ వాడేవాడితో "అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌నడగాలి" అనేవాడు. ఆండ్రాయిడ్‌ని కొంత క్షమించాడు గానీ, "తలుపు తీసి గొలుసు వేసినట్టు" అని ఓ చురక మాత్రం అంటించేవాడు. తను లినక్స్ మనిషి. ఫోన్‌లో కంపెనీ వేసిచ్చిన సిస్టమ్‌ని పీకేసి, ఊరూపేరూ తెలియనివాళ్లు ఎవరెవరో రాసి లోకానికి పంచిపెట్టిన సిస్టమ్ వేసుకున్నాడు. అందులో వాట్సాప్ పెట్టుకోలేదు. పెళ్లి పిలుపులు అందేవి కావు, ఎవరైనా పోయిన కబుర్లూ అందేవి కావు. "స్వేచ్ఛకి ఆమాత్రం ఖరీదుంటుంది" అని నవ్వేవాడు. ఆ ఖరీదు కట్టేది మాత్రం చుట్టాలు, అతనికి విడిగా ఫోన్ చేసి చెప్పుకుంటూ.

అతని అభిప్రాయాలన్నిటికీ మూలం ఒకటే. ఒకడు చేసింది పదిమందికీ చెందాలి, షరతులు పెట్టకూడదు. మంచి మాటే. మంచి మాటని ఎక్కడ వాడాలో, ఎవరి సొమ్ము మీద వాడాలో తెలియకపోతే ఏమవుతుందో అతనికి ఓ శనివారం పొద్దున కమలాకర్ డబ్బింగ్ థియేటర్లో తెలిసింది.

కమలాకర్‌ది స్టూడియో వెనక వీధిలో చిన్న థియేటర్. పరభాషా సినిమాలకీ సీరియళ్లకీ అక్కడ తెలుగు మాటలు పడతాయి. అక్కడి కంప్యూటర్లన్నిటికీ విహారే ముచ్చటపడి లినక్స్ ఎక్కించాడు కాబట్టి, ఏది మొరాయించినా అతన్నే పిలిచేవారు. ఆ రోజు టేబుల్ కింద దూరి వైర్లు చూస్తుంటే, పైన స్పీకర్లోంచి ఓ గొంతు వినబడింది.

"ఆఁ... చూడు బాబూ, న్యాయం అడిగేవాడు ఈ ఊళ్లో ఎవడూ మిగల్లేదు."

విహారి తల ఠక్కున టేబుల్‌కి కొట్టుకుంది. అది పరబ్రహ్మంగారి గొంతు. పరబ్రహ్మంగారికి గొంతు పోయి రెండేళ్లు దాటింది.

బయటికి వచ్చి చూశాడు. అద్దం అవతల మైకు ముందు ఎవరూ లేరు. తెర మీద పంచాయతీ సీను నడుస్తోంది. పెద్దమనిషికి పరబ్రహ్మంగారి గొంతు. ఎదురుతిరిగిన రైతుకీ ఆ గొంతే, కాస్త బొంగురుగా. ఓ మూల తూలుతున్న తాగుబోతుకీ ఆ గొంతే, కాస్త సాగదీసి. ఒకడి చేత తెలంగాణ మాట పలికించారు, అది వేరే రంగు గుడ్డతో మాసిక వేసినట్టుంది. కానీ ప్రతివాడూ మాట మొదలుపెట్టేముందు ఆ చిన్న "ఆఁ" అంటున్నాడు. అలా గొంతు సవరించుకోవడం పరబ్రహ్మంగారి అలవాటు.

"ఎలా ఉంది సార్?" అన్నాడు కమలాకర్, పెళ్లికొడుకు తండ్రిలా మురిసిపోతూ. "గుంపు మొత్తం ఒక్క పూటలో అయిపోతోంది. ఇదివరకు ఓంప్రకాష్‌ని, అతని బ్యాచ్‌ని పిలిచి, వాళ్లు వచ్చి, టిఫిన్లు చేసి, టేకులు తిని... ఇప్పుడా తలనొప్పే లేదు."

"ఇదెక్కడిది?"

"అదేంటి సార్, మీదే కదా! మీరు నెట్‌లో పెట్టారు చూడండి, దాన్ని తీసుకుని ఓ కంపెనీవాళ్లు యాప్ చేశారు. సిటీలో సగం థియేటర్లు ఇదే వాడుతున్నాయి."

"పరబ్రహ్మంగారిని అడిగారా?"

కమలాకర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అడగడం దేనికండీ? ఎవరైనా, దేనికైనా, అడగకుండా వాడుకోవచ్చని మీ పేజీలో మీరే రాశారు కదా. మా వాడు చదివి వినిపించాడు కూడా. లీగల్‌గా అంతా క్లీన్ అండీ."

అలా రాసిపెట్టే లైసెన్సుల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పిన విహారికి, ఆ లైసెన్సు తు చ తప్పకుండా పాటించినవాడిని ఏమనాలో తెలియలేదు.

పరబ్రహ్మంగారు విహారికి చుట్టం కాదు, చుట్టం కన్నా ఎక్కువ. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన ఇంటి మేడ మీద గదిలో అద్దెకి దిగాడు. అద్దెకున్నవాడు నెల తిరక్కుండానే కింద భోజనానికి కూర్చునేవాడయ్యాడు. లక్ష్మీకాంతమ్మగారు పిన్ని అయింది, ఆయన బాబాయ్ అయ్యారు. తెనాలి దగ్గర్నుంచి నాటకాల పిచ్చితో వచ్చి, తెర మీద మొహం కుదరక తెర వెనక గొంతుతో బతికిన మనిషి ఆయన. తండ్రులకీ, జడ్జీలకీ, గుడి పూజారులకీ చెప్పారు. డబ్బింగ్ లోకంలో మాట పలకడాన్ని 'చెప్పడం' అంటారు. ఫలానా నటుడికి ఎవరు చెబుతారంటే, ఫలానాయన చెబుతారు, అంతే. కాగితాలుండవు. కానీ ఓ కట్టుబాటు ఉంది. ఒకరు చెప్పే వేషం ఇంకొకరిని చెప్పమని పిలిస్తే, పిలిచినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సరే, ముందు ఆ మొదటాయనకి ఫోన్ చేసి "నేను చెప్పనా?" అని అడగాలి. ఆయన "చెప్పు" అన్నాకే మైకు ముందుకి వెళ్లాలి.

ఓసారి పరబ్రహ్మంగారికి జ్వరం వచ్చినప్పుడు ఆయన వేషానికి శిష్యుడు ఓంప్రకాష్‌ని పిలిచారు. ఓంప్రకాష్ బోరబండ మనిషి. అప్పటికి గుంపులో అరుపులు, ఒకటీ అరా మాటలు చెప్పుకునేవాడు. ఎన్నాళ్లకో వచ్చిన మొదటి పెద్ద వేషం. అయినా థియేటర్‌కి పోకుండా నేరుగా ఇక్కడికొచ్చి, గేటు బయట తడుస్తూ నిలబడి "గురువుగారూ, గా పెద్దాయన వేషం నన్ను చెప్పమంటున్రు. నేను చెప్పనా?" అని అడిగాడు. దుప్పటి కప్పుకుని కిటికీ దాకా వచ్చి పరబ్రహ్మంగారు "చెప్పరా, కుమ్మేసి రా" అన్నారు. మేడ మెట్ల మీద నుంచి ఇదంతా చూసిన విహారి, "ఫోన్‌లో అడిగితే పోయేదానికి ఇంత తతంగమా" అనుకున్నాడు. తతంగం ఎందుకో అతనికి అప్పుడు బోధపడలేదు.

తర్వాత కొన్నేళ్లకి పరబ్రహ్మంగారి గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసెయ్యాలన్నారు. "అన్నం తినొచ్చా?" అని అడిగారాయన. తినొచ్చన్నారు. "అయితే సగం బతికినట్టే" అన్నారు. మిగతా సగం కోసం విహారి పూనుకున్నాడు. ఆపరేషన్‌లోపు ఆయన గొంతు వీలైనంత రికార్డు చేస్తే, తర్వాత ఆయన ఫోన్‌లో టైపు చేసిన మాట ఆయన గొంతుతోనే పలికేలా చెయ్యొచ్చు. వెనక గదిలో గోడలకి పరుపులు ఆనించి, కిటికీకి రజాయిలు కట్టి, ఉడికిపోతూ రికార్డింగ్ చేశారు. పేపరు చదివించాడు, పంచాంగం చదివించాడు, వంకాయ కూర ఎలా చెయ్యాలో పిన్నిని అడిగి అది కూడా చదివించాడు. పెద్దాయన నొప్పిని ఓర్చుకుంటూ, ప్రతి వాక్యానికీ "ఉండు, ఇంకో టేక్" అనేవారు. "కాంతం" అన్న పిలుపొక్కటే ఎన్ని రకాలుగా చెప్పారో! కోపంగా, బతిమాలుతూ, ఆకలేస్తున్నట్టు, ఊరికే. గుమ్మం దగ్గర పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని వినేది.

ఆ పని నిజంగా ప్రేమతోనే చేశాడు విహారి. అందులో అబద్ధం లేదు. తేడా వచ్చింది ఆ తర్వాతే. ఆసుపత్రికి బయల్దేరే పొద్దున, సర్దిన సంచి పక్కన కూర్చుని, "బాబాయ్, మీ గొంతుని లోకానికి ఇచ్చేస్తున్నాను, అందరికీ ఉపయోగపడేలా నెట్‌లో పెడుతున్నాను" అని చెప్పాడు.

"ఆఁ... మంచిదే నాయనా. ఒక్క మాట రాసిపెట్టు. ఎవరికైనా కావాలంటే నాకో ఫోన్ చేసి అడగమను. వద్దనను. అడగమను, అంతే."

"అలా రాస్తే అది ఓపెన్ సోర్స్ కాదు బాబాయ్" అని విహారి నవ్వాడు. ఆ వెనక పాఠం మొదలుపెట్టాడు. లైసెన్సుల్లో రకాలు ఉన్నాయి. వాడుకుని మార్చుకుంటే ఆ మార్పులు కూడా పంచాలి అనేది ఒకటి. నీ ఇష్టం, ఏమైనా చేసుకో అనేది ఒకటి. ఏ రకమైనా సరే, వీడు వాడొచ్చు, వాడు వాడకూడదు, అడిగి వాడాలి అన్నామంటే స్వేచ్ఛ అక్కడితో చచ్చిపోతుంది. "అడిగించుకోవడం అంటే తాళం వెయ్యడమే బాబాయ్."

"మరి మేమంతా ఒకళ్లనొకళ్లం అడిగే చెప్పాం కదరా ఇన్నాళ్లూ. మా గొంతులకి తాళాలేం పడలేదే" అన్నారు పెద్దాయన.

"అది పాతకాలం."

ఆయన కాసేపు చేతులు చూసుకుని, "నాకేం తెలుసు నాయనా, చదువుకున్నవాడివి. సరే కానీ" అన్నారు. సంతకం చేశారు. విహారితో ఆయన సొంత గొంతుతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

పరబ్రహ్మంగారి ఫోన్ పలకడానికి ఆ గొంతుని లోకానికి పంచాల్సిన అవసరం ఆవగింజంత కూడా లేదు. ఇంట్లో ఉంచుకున్నా పలికేది. అయినా పంచాడు. ఆదర్శం అన్నాడు. ఆదర్శం కొంత, చప్పట్లు కొంత. బెంగళూరులో ఓ సభలో అతను ఆ గొంతు వినిపిస్తే జనం లేచి నిలబడ్డారు. ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు అతనికి, సంతోషంతో. ఇంకో సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. తను రాసిన ప్రోగ్రామ్‌కి మాత్రం గట్టి లైసెన్సు పెట్టాడు. దాన్ని వాడుకున్నవాడు తిరిగి పంచాలి, విహారి పేరు చెరపకూడదు. గొంతుకి మాత్రం ఏ షరతూ లేనిది పెట్టాడు, ఎక్కువమంది తీసుకుంటారని. తన కష్టానికి కంచె, పెద్దాయన గొంతుకి బార్లా తెరిచిన గేటు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఆ కంపెనీవాళ్లు కంచె ఉన్నదాని జోలికే పోలేదు. గొంతు ఒక్కటీ పట్టుకుపోయారు.

థియేటర్ బయట చాయ్ బండి దగ్గర ఓంప్రకాష్ నిలబడి ఉన్నాడు. లోపల పని లేకపోయినా రోజూ వచ్చి అక్కడ నిలబడటం మానలేదని తర్వాత తెలిసింది. విహారిని చూసి కళ్లతోనే నవ్వాడు. అది మంచి నవ్వు కాదు.

"ఏం తమ్మీ, లోపట గురువుగారు మంచిగున్నడా? ఇయ్యాల ఎన్ని వేషాలు చెప్పిండు?"

"అన్నా, ఒట్టు, నాకిప్పుడే తెలిసింది."

"నాకు దసరా కాడ్నుంచే తెల్సు. ఒక్కొక్క థియేటరోళ్లు పిలుచుడు బంద్ చేసిన్రు. అడిగితే, గీ మిషిన్ల మీ గురువుగారే ఉన్నడు, ఇగ శిష్యుడెందుకు అన్నరు. నవ్విన్రు గూడ."

"నాకెందుకు చెప్పలేదు? బాబాయ్‌కైనా చెప్పలేదేం?"

"నీకు చెప్తే ఏం జేస్తవ్? రాసిచ్చినోనివే నువ్వు." ఓంప్రకాష్ చాయ్ గ్లాసు బండ మీద పెట్టాడు. "ఆయనకు మాత్రం చెప్పకు. జర నీకు దండం పెడ్త. తెలిస్తే మందులు గూడ మింగడు. నేను గందుకే ఆ ఇంటికి పోతలేను. పోతే ఆయన ఫోన్ దీసి గదే గొంతుతోని తిన్నావా అని అడుగుతడు. పొద్దంత నా నోటికాడి ముద్ద గుంజుకున్న గొంతు తమ్మీ అది. పొద్దుగూకినంక అదే గొంతు తిన్నావా అంటే నేనేం చెప్పాలె?"

విహారి తల వంచుకున్నాడు. "లైసెన్సు మారుస్తాను అన్నా. ఇవాళే."

"మారిస్తే వాళ్లు బంద్ చేస్తరా?"

"ఇకమీదట తీసుకునేవాళ్లకి వర్తిస్తుంది. ఇప్పటికే తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి..." ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయాడు. ఇచ్చింది వెనక్కి తీసుకోలేకపోవడమే ఆ లైసెన్సు గొప్పతనమని ఎన్ని వేదికల మీద చెప్పాడో అతనికే గుర్తులేదు.

"మా దగ్గర లైసెన్సు గిట్ల లేకుండె" అన్నాడు ఓంప్రకాష్. "ఫోన్ చేసి అడుగుడు ఉండె. గంతే." బండివాడికి తల ఊపి, షేక్‌పేట వైపు నడిచి వెళ్లిపోయాడు.

చెప్పొద్దని ఓంప్రకాష్ బతిమాలాడు. విహారికీ చెప్పకుండా ఉండిపోవాలనే అనిపించింది. కానీ వెళ్లినప్పుడల్లా పెద్దాయన అడిగే మాట ఒకటుంది. ఓంప్రకాష్ రావడం లేదేం, నా మీద కోపమొచ్చిందా, నేనేమన్నా అన్నానా అని. ప్రతిసారీ విహారి "డబ్బింగులు ఎక్కువగా ఉన్నాయేమో బాబాయ్" అని దాటేసేవాడు. కారణం తెలిశాక కూడా దాటేస్తే ఇక ఆ ఇంటి గడప తొక్కే మొహం ఉండదు. భోజనాల వేళ దాటాక వెళ్లాడు.

పరబ్రహ్మంగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. మెడ చుట్టూ పల్చటి కండువా. ఒళ్లో ఫోన్. వేలితో నెమ్మదిగా నొక్కారు.

"ఆఁ... రా నాయనా. పిన్ని గుడికెళ్లింది, పారాయణం ఉందట. ఫ్లాస్కులో కాఫీ ఉంది, పోసుకో."

ఆ "ఆఁ"ని పట్టడానికి విహారి నెలల తరబడి కూర్చున్నాడు. అది కుదిరిన రోజు పిన్ని అతనికి దిష్టి తీసింది. ఇప్పుడది పొద్దున తెర మీద తాగుబోతు అన్న "ఆఁ"లాగే వినబడింది. కాఫీ పోసుకోలేదు. మెట్టు మీద కూర్చుని, పొద్దున విన్నదంతా చెప్పేశాడు. ఓంప్రకాష్ చెప్పొద్దన్న సంగతి కూడా దాచలేదు.

పెద్దాయన ముందు ఆసక్తిగా విన్నారు. పాత కళాకారుడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

"ఆఁ... పెదాలకి కుదిరిందా?"

"కుదిరింది బాబాయ్."

"ఆఁ... తాగుబోతుకి కూడానా? నేనెప్పుడూ తాగుబోతుకి చెప్పలేదే." కళ్లలో మెరుపులాంటిది వచ్చింది. అంతలో ఏదో తట్టినట్టు ఆగి, మళ్లీ నొక్కారు. "ఆఁ... ఆ వేషాలు ఇదివరకు ఎవరు చెప్పేవాళ్లు?"

"ఓంప్రకాష్. వాళ్ల బ్యాచ్."

ఆయన వేలు ఫోన్ మీద అలాగే ఉండిపోయింది. తర్వాత చాలాసేపు టైపు చేశారు, చెరిపారు, మళ్లీ చేశారు. ఆఖరికి బయటికొచ్చింది చిన్న మాటే.

"ఆఁ... ఆ రోజు నేనడిగాను నాయనా."

"అడిగారు బాబాయ్."

"ఆఁ... వాడు నాలుగు నెలలుగా రాకపోతే, కృతజ్ఞత లేనివాడని మీ పిన్నితో అన్నాను."

తిట్టినా బాగుండును అనుకున్నాడు విహారి. ఏ తెలివితేటలూ అక్కరకొచ్చేలా లేవు. "తప్పంతా నాదే బాబాయ్. నేనే వెళ్లి ఓంప్రకాష్ కాళ్ల మీద పడతాను. మీకేం సంబంధం లేదు."

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "ఆఁ... చెప్పింది ఎవరి గొంతు? వాడి వేషం నా గొంతు చెప్పింది. అడక్కుండా చెప్పింది. అడగాల్సింది నేను. ఫోన్ కలుపు."

ఆయన ఫోన్‌లో సిమ్ లేదు. మాట మధ్యలో ఎవరో కాల్ చేస్తే పలికే మాట తెగిపోతోందని విహారే తీసేశాడు. ఎవరితోనైనా మాట్లాడాలంటే పిన్ని ఫోన్ కలిపి పక్కన పెట్టుకునేవారు. పిన్ని ఫోన్ పిన్నితో గుడికెళ్లింది. విహారి తన ఫోన్లోంచే కలిపి, స్పీకర్ పెట్టి, రెండు ఫోన్లూ స్టూలు మీద పక్కపక్కన ఉంచాడు.

"ఏంది తమ్మీ?" అన్నాడు అవతల ఓంప్రకాష్.

పెద్దాయన అప్పటికే టైపు చేసి ఉంచిన మాట నొక్కారు.

"ఆఁ... ఓంప్రకాష్, నేనురా. నీ వేషాలు నా గొంతు చెబుతోందట. నిన్ను అడగలేదు. తప్పు నాది. నన్ను క్షమించు."

అవతల్నుంచి ఓంప్రకాష్ గొంతు వచ్చింది. అది వణుకుతోంది, ఏడుపుతో కాదు.

"తమ్మీ, నువ్వేనా టైపు కొడ్తున్నది?"

"కాదన్నా! బాబాయే. నా ఎదురుగానే..."

"సిగ్గు లేదానయ్యా నీకు? పొద్దుగాల నేను నాలుగు మాటలన్ననని, గురువుగారి గొంతుతోని నాకే మాఫీ చెప్పిస్తున్నవా? ఆయన శిష్యునికి క్షమించు అంటడా ఎన్నడన్న? గొంతు దొరికింది గని ఆయన మాట దొరకలే నీకు."

పెద్దాయన గబగబా నొక్కుతున్నారు. వేలు తడబడి అక్షరాలు తప్పు పడుతున్నాయి. "ఆఁ... ఒరేయ్ నేనేరా. నిజంగా నే" అని సగంలో పలికింది.

"బంద్ చెయ్ తమ్మీ. జర బంద్ చెయ్." ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ కలిపాడు విహారి. ఎత్తలేదు. ఇంకోసారి. స్విచాఫ్. ముందే వీడియో కాల్ చేసి పెద్దాయన మొహం చూపిద్దామన్నా దారి లేకపోయింది, విహారి ఫోన్‌లో వాట్సాప్ లేదు. అది లేకపోవడం గురించి ఎంతమందికి ఎంత గొప్పగా చెప్పుకున్నాడో! పరబ్రహ్మంగారు కుర్చీలో వెనక్కి వాలారు. నోరు కదిలింది. మెడకి పెట్టిన రంధ్రంలోంచి వచ్చిన గాలికి కండువా లేచి పడింది, చప్పుడు మాత్రం లేదు. ఆయన్ని ఆయన అని నమ్మించే వస్తువు ఒక్కటే ఉండేది, అది ఇప్పుడు అందరిదీ. దాన్ని అందరిదీ చేసినవాడు ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. విహారికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

కాసేపటికి పెద్దాయన లేచారు. లోపలికెళ్లి చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చారు. చెప్పులు వేసుకున్నారు. స్టూలు మీది ఫోన్ తీసి విహారి అందించబోతే, ఆ చేతిని మెల్లగా పక్కకి తోసేశారు. విహారి దాన్ని మళ్లీ స్టూలు మీదే పెట్టాడు. తలుపు తాళం వేసి, తాళంచెవి పక్కింటివాళ్లకి ఇచ్చి, గేటు తీశారు. ఎక్కడికని విహారి అడగలేదు. అడగక్కర్లేదు. గేటు బయట ఒకప్పుడు ఓంప్రకాష్ తడుస్తూ నిలబడ్డ చోట ఆయన నిలబడి ఆటో కోసం చెయ్యెత్తారు.

ఆటో ఆగింది. ఇద్దరూ ఎక్కారు.

"ఏడికి పోవాలె సార్?" అన్నాడు ఆటోవాలా.

పరబ్రహ్మంగారు నోరు తెరిచారు. చెయ్యి అలవాటుగా జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ. ఫోన్ స్టూలు మీదే ఉంది. విహారికి నోటిదాకా వచ్చింది ఓంప్రకాష్ ఉండే పేట పేరు. ఇన్నాళ్లూ అయితే అనేసేవాడే. ఆయన బదులు ఆలోచించడం, ఆయన బదులు నిర్ణయించడం అతనికి కొత్త కాదు. ఈసారి ఆ మాటని పళ్ల వెనకే ఆపి, పెద్దాయన వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరిగి ఆయన మొహం సరిగా కనబడలేదు.

"బాబాయ్, నేను చెప్పనా?"

ఆయన అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆటోవాలా "జల్ది చెప్పున్రి సార్" అన్నాడు. అప్పటికి పెద్దాయన తల ఊపారు.

"బోరబండ" అన్నాడు విహారి.